మొసళ్ళ పద్దు

మొదటి పుట. ఆషాఢం. యాభై మూడు జతలు, జతకి డెబ్బై.
చిలకపచ్చ చొక్కాలు, భుజాల దగ్గర డేరాగుడ్డంత వెడల్పు,
ఛాతీ మీద నోరు తెరిచిన మొసలి.
"కూవం మొసళ్ళు అన్నా, అమెరికా ఫుట్‌బాల్, జీతాల జట్టు"
అన్నాడు మూటలు తెచ్చిన కుర్రాడు.
కూవంలో దోమ తప్ప ఏదీ బతకదని
చెట్‌పేట్ రేవు రేవంతా పడీపడీ నవ్వింది.

నేను నవ్వలేదు. రొక్కం ఇచ్చే బేరం.
నల్లజీడి రసంతో ప్రతి కాలరు లోపలా
మా ఇంటి గుర్తు వేశాను: రెండు గీతలు, ఒక చుక్క.
బయట అంకె వాళ్ళది.
లోపల గుర్తు నాది.

ఆ ఆట నాకు తెలీదు. మరకలు తెలుసు.
ఏడో నంబరుకి మోచేతుల్లో ఎర్రమట్టి: తనే పడ్డాడు.
ఇరవై రెండుకి వీపంతా గడ్డి పసరు: ఎవరో పడేశారు.
అరవై నాలుగుకి గుండె మీద నెత్తురు,
తిరగేసి చూస్తే లోపలికి దిగలేదు.
అంటే వాడిది కాదు.
నెత్తురుకి చన్నీళ్ళే పొయ్యాలి.
వేణ్ణీళ్ళు పోస్తే మరక అక్కడే ఇల్లు కట్టుకుంటుంది.

ఒక ఆదివారం టికెట్టిచ్చి కూచోబెట్టారు.
నాలుగు ప్రయత్నాలు, పది గజాలు, అంతేనన్నా అన్నారు.
గజాలు నాకు చెప్పాలా!
మైలాపూరు ఇళ్ళ తొమ్మిది గజాల కోకలు
మా అమ్మ రాతి మీద బాది పెంచింది నన్ను.
దానికి ఇంకొక్క గజం.
అంత నేల కోసం పదకొండుమంది
పదకొండుమందిని తలలతో ఢీకొన్నారు.
పోలీసు పోటీల్లో ఈటె విసిరిన సగాయరాజు చేతిలోంచి
బంతి గిరగిరా తిరుగుతూ పోయింది,
కాసిమేడులో పడవ మీంచి ఒడ్డుకి విసిరిన చేపలా.
ఒక్కడూ పట్టుకోలేదు.

తొమ్మిది ఆటలు. రెండు గెలుపులు.
ఒకటి, ఎదుటి జట్టు రైలు నెల్లూరు దగ్గర వరదలో ఆగిపోతే వచ్చింది.
ఆ వారం మురికిబట్టలు రాలేదు, నాకు నష్టం.
రెండోది పూణేవాళ్ళ మీద, కార్తీకం వానలో.
నాలుగో ప్రయత్నం. ఇంకా అరగజం.
అరగజం గుడ్డకి జాకెట్టు కూడా రాదు.
హార్బర్‌లో మూటలు మోసే ఏళుమలై, అరవై నాలుగు,
నలుగుర్ని వీపున వేసుకుని
ఆ అరగజం దాటి బోర్లా పడ్డాడట.
నేను చూడలేదు. ఇస్త్రీపెట్టె దగ్గర ఉన్నాను.

మర్నాడు మూట విప్పితే అంకెలు కనబడలేదు.
ఏ చొక్కా ఎవరిదో కాలరు గుర్తు పక్కన
నా చేత్తో రాసుకున్న చిన్నంకె చూసి చెప్పాను.
ఉతకబుద్ధి కాలేదు.
ఉతికాను. ఉతకడం నా పని.
మూడు తొట్ల నీళ్ళు ఎర్రగా మారాయి,
తొట్టిలోంచి కాలవలోకి, కాలవలోంచి కూవంలోకి.
మొత్తానికి మొసళ్ళు ఆ ఏట్లోకి వెళ్ళనే వెళ్ళాయి.

ఆ పైన ఆఫీసుకి తాళం. కుర్రాడి ఫోను మోగదు.
కోచ్ దొర బూట్లు కూడా వదిలేసి విమానమెక్కాడట.
మూడు ఆటల బాకీ: పదకొండు వేల నూటముప్పై.
యాభై మూడు జతలూ నా దగ్గరే మడతల్లో.
పాత గుడ్డలవాడు కిలోకి పన్నెండు అడిగాడు.
చూద్దామన్నాను. రెండేళ్ళయింది, చూస్తూనే ఉన్నాను.

నిన్న ఏళుమలై వచ్చాడు, ఒక భుజం కాస్త కిందికి జారి.
చొక్కా తీసిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"మట్టి పోయిందాన్నా?"
"పోయింది."
"మొత్తం?"
ఉతికే పనివాణ్ణి, ఆ మాటకి
అవునని చెప్పడానికి మొదటిసారి సిగ్గేసింది.
వాడు చంక కుట్టు విప్పదీసి
గోటితో గీకుతూ నిలబడ్డాడు చాలాసేపు.
ఏమైనా దొరికిందో లేదో నేను అడగలేదు.
వెళ్తూ డెబ్బై రూపాయలు బల్ల మీద పెట్టాడు.
వద్దనలేదు.

జమ: డెబ్బై.
నిలవ బాకీ: పదకొండు వేల అరవై.