మూడో గడి

మార్చి. మాంట్రియల్‌లో ఇంకా మంచు కరగలేదు.
ఇళ్ళ బయట ఇనుప మెట్లు
మెలికలు తిరిగి పై వాటాకు ఎక్కుతాయి.
వాటితోపాటు నేనూ,
భుజాన సంచీ, బూట్లకి మేకుల పట్టీ.

పద్నాలుగేళ్ళుగా ఈ వీధి టపా నాదే.
కరెంటు బిల్లు పలచన.
పెళ్ళి పిలుపు బరువు.
సంతకం అడిగే ఉత్తరం మాత్రం
ఎంత తేలికైనా చేతిని కిందికి లాగుతుంది.

ఇవాళ స్తవ్రూలా గారికి ఒకటి.
డెబ్బై ఒకటో ఏడు. షాబనెల్ వీధి ఫ్యాక్టరీలో
ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కోట్లకు జేబులు కుట్టిన మనిషి.
"ఏం రాశాడు?" అంది, సంతకం ఆరకముందే.
నేను చదవకూడదు. నిబంధన.
చదవక్కర్లేదు కూడా.
ఒకే యజమాని, ఒకే రకం కవరు,
ఈ వరసలో ఇది తొమ్మిదోది.

కింది వాటా పిల్లాడు తంజీమ్ పైకొచ్చాడు
సగం కొరికిన ఆపిల్‌తో.
కాగితం మీది ఫ్రెంచిని
ఆవిడకొచ్చిన నాలుగు ముక్కల్లోకి దించి చెప్పాడు:
ఆరువందల తొంభై డాలర్లు
జూలై నుంచి వెయ్యీ నలభై.
కింద రెండు గడులు.
ఒప్పుకుంటున్నాను. ఖాళీ చేస్తున్నాను.
ఎక్కడ టిక్కు పెట్టాలో చూపిస్తూ
పెన్సిల్‌తో ఓ బాణం గుర్తు, ఎంత మర్యాదో.

ఆవిడ కిటికీ కేసి చూసింది.
మొగుడికి ఊపిరాడని రాత్రి
బిగుసుకుపోయి తెరుచుకోని కిటికీ అది.
"పెంచేవాడు ముందు దీన్ని బాగుచెయ్యొచ్చుగా"
అంది. ఎవరితోనో కాదు.

అప్పటికి నేను మూడు మెట్లు దిగాను.
దిగి ఆగాను.
ఉత్తరం చదవొద్దంది నిబంధన,
నా కథ చెప్పొద్దనలేదు కదా.

"ఆరేళ్ళ కిందట నాకూ వచ్చింది.
రెండే గడులు చూసి
సూపర్ మార్కెట్ వెనకనుంచి అట్టపెట్టెలు మోసుకొచ్చాను.
పిల్ల బడి మారింది. పిల్లి పారిపోయింది.
అన్నీ అయ్యాక ఎవరో చెప్పారు,
చట్టంలో మూడోది ఉందని:
పెంపు ఒప్పుకోను, ఇల్లు వదలను.
నెల తిరక్కుండా రాసి పంపితే
ఎంత పెంచాలో తేల్చేది ఆయన కాదు, ట్రిబ్యునల్.
అందాకా తలుపు మీదే."

గడువు నెల.
గడప ఇరవై రెండేళ్ళది.
మధ్యన ఈ గడి, గోరంత,
ఎవరో అచ్చువెయ్యడం మరిచిపోయింది.
మరిచిపోయారనే అనుకుందాం.

తంజీమ్ లెక్కల పుస్తకంలోంచి స్కేలు తీసి
నాలుక కరుచుకుని, మూలలు కలిసేదాకా
మూడోది గీశాడు.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పరీక్షగా చూసింది,
కుట్టు సరిచూసే చూపు.
"నాలుగు వైపులా మూసేశావేంరా,
చెయ్యి ఎలా పెట్టను?"
అని నవ్వి
పెట్టింది టిక్కు, కాగితం చిరిగేంత గట్టిగా.

గెలుస్తుందో లేదో నాకు తెలీదు.
విచారణ తేదీ ఇంకా రాలేదు;
వస్తే మోసుకొచ్చేది నేనే.

మర్నాడు మెట్ల కింద తంజీమ్,
చేతిలో స్కేలు.
"ఇంకా ఎవరెవరికి వచ్చాయి?"

చెప్పకూడదు. నిబంధన.
బూట్ల మంచు దులుపుకుంటూ
పదహారో నంబరు మెట్ల వైపు
అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు
చూశాను.