పదకొండుసార్లు మునిగినవాడు

సిరొంచలో, ప్రాణహిత ఒడ్డు బడిలో
అద్దాలు పగిలిన ట్యాబులు ఆరు, పిల్లలు నలభై ఒక్కరు.
నా సంచిలో ప్రశ్నాపత్రాలు:
ఆటకు ముందు ఏం తెలుసు,
ఆట తర్వాత ఏం తెలిసింది.
తేడా కనిపిస్తే దాని పేరు సామాజిక ప్రయోజనం,
కనిపించకపోతే వచ్చే ఏడు నాకు జీతం లేదు.

పుణెలో తయారైన ఆట. అందులో వరద మరాఠీ మాట్లాడుతుంది.
'పూర్ ఆలా' అని ఎర్రటి అక్షరాలు వెలిగి ఆరుతాయి.
ఇక్కడి పిల్లలు మరాఠీలో చదివి
తెలుగులో భయపడతారు.
"నీళ్ళచ్చినయ్‌రో, ఉరుకుండ్రి!"

ఎనిమిది నిమిషాలే గడువు.
రేషన్ కార్డు, మందులు, బిందెడు మంచినీళ్ళు
చంకన పెట్టుకుని గుట్ట మీదికి చేరాలి.
దారిలో కనబడ్డవాళ్ళని వెంట తెస్తే ఇంకొన్ని మార్కులు.

జాడి ఓదెలు, ఐదో తరగతి,
మొదటిరోజే మునిగిపోయాడు.
రెండోరోజు కూడా.
గుట్ట ఎడమన ఉంటే వాడు కుడికి ఉరుకుతాడు,
వాడ చివర నీలం తలుపు ముందు నిలబడి
బొటనవేలితో కొడతాడు, కొడతాడు, కొడుతూనే ఉంటాడు.
అది తలుపు కాదు, ఉత్త రంగు.
తెరుచుకోవడం దానికెవరూ నేర్పలేదు.
నీళ్ళు వాడి మోకాళ్ళకి, నడుముకి,
ఆ పైన ఒక బుడగ,
ఆ పైన 'మళ్ళీ ఆడు'.

నా పుస్తకంలో రాసుకున్నాను:
అసంబద్ధ ప్రవర్తన. పదకొండుసార్లు.

పన్నెండోసారి ట్యాబు మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగాను,
ఎవరున్నారు అందులో?
వాడు నా వేళ్ళ సందుల్లోంచి తెరనే చూస్తూ చెప్పాడు.
"మా వాడల బక్కుబాయిది గసొంటి తలుపే.
చెవులు ఇనరాకుండె. మైకుల ఎంత ఒర్రినా ఇనరాకుండె.
అందరం గుట్టెక్కినంక యాదికచ్చింది."
తర్వాత?
వాడు నా చెయ్యి పక్కకి తోసి ఆట మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం వాడలోకి నడిచాను.
నీలం తలుపు ఉంది. తాళానికి తుప్పు ఉంది.
గోడ మీద, నా భుజం కన్నా జానెడు పైన,
ఆరిపోయిన బురద గీత.
అవతలి ఒడ్డున కాళేశ్వరం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
ఎవర్నీ ఏమీ అడగలేదు.
నా కాగితాల్లో దానికి గడి లేదు.

పుణెకి ఉత్తరం రాశాను, ఆ తలుపు తెరవండి అని.
లోపల గది గియ్యాలి, మనిషిని గియ్యాలి,
మనిషికి నడక నేర్పాలి, డబ్బుల్లేవన్నారు.
మళ్ళీ రాశాను. మూడోసారి కొంచెం తిట్టి రాశాను.

పోలా పండక్కి ఎద్దుల కొమ్ములకి రంగులేస్తున్న రోజుల్లో
కొత్త ఆట వచ్చింది.
ఓదెలు కుడికే ఉరికాడు.
రెండుసార్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.
నాలుగు గోడలు, ఒక నులకమంచం.
మనిషిని గియ్యలేదు వాళ్ళు.

నాకు ఊపిరి ఆడలేదు.
వాడు మాత్రం మంచం కేసి కాసేపు చూసి,
"అయితే ముందుగాల్నే ఎవలో తీస్కపోయిండ్రు"
అని వెనక్కి తిరిగాడు.

గుట్టెక్కాడు.
రేషన్ కార్డు మరిచాడు, మందులు మరిచాడు, నీళ్ళ బిందె మరిచాడు.
వందకి తొమ్మిది.
మార్కులు చూడకుండానే ట్యాబు పక్కపిల్ల ఒళ్ళో పెట్టి
ఎద్దుల్ని చూడ్డానికి బయటికి పోయాడు.