చీలమండ ఎత్తున

లింగాల దాటినంక అడవికి, నా చెలకకు నడుమ
ఒక్కటే కందకం. అదీ నిరుడి వానకు పూడిపోయింది.
నూట ఇరవై మామిడి అంట్లు,
కొల్లాపురం నుంచి డీసీఎంల నిలబడి తెచ్చిన.

పొద్దున పోయి చూస్తే
పదకొండో సాలుల మూడు చెట్లకు
చీలమండ ఎత్తున తెల్లటి కడియం.
బెరడు లేదు. చుట్టూ లేదు.
లోపలి కట్టె తడితడిగ
పాలపన్ను ఊడిన చిగురు లెక్క.

ఆకులు మాత్రం పచ్చగనే ఉన్నయి,
గాలికి ఊగుతున్నయి కూడా.
చచ్చిపోతున్న సంగతి
చెట్టుకు నెల రెండు నెలల దాకా తెలియదట.
కింది నీళ్ళు మీదికి పోతనే ఉంటయట,
మీది అన్నమే వేరుకు దిగదట.

నిమ్మల బయ్యన్న వచ్చి మోకాళ్ళ మీద కూసొని
బొటనవేలితోని తడిమిండు.
"దుప్పి గాదు. దుప్పైతే కొమ్ముతోని రాకి
కిందికెళ్ళి మీదికి పేలికలు చీరుతది.
కుందేలు కొనలు తెంపుతది, కత్తెర పెట్టినట్టు.
ఇది ఏదుపంది. సూడు, ఉలి గీతలు."
పట్వారి పహాణీ చదివినట్టు చదివిండు,
ఎన్నడూ బడికి పోనోడు.

బామ్మర్ది ఫోన్ల అన్నడు:
కరెంటు తీగ గుంజు బావా, ఒక్క రాత్రి పని.
నేను పలకలే.
అవతలి ఊర్ల ఒకాయన గుంజిండు, పందుల కోసమని.
తెల్లారి తీగ మీద దొరికింది
మోటరు వెయ్యనీకి వచ్చిన సొంత తమ్ముడు.

ఎలక్షన్లు అయిపోయి నెల.
చౌరస్తాల ఫ్లెక్సీలు చినిగి యాలాడుతున్నయి.
చీకటి పడ్డంక నేను, మా ఈదమ్మ పోయి ఇప్పుకొచ్చి
మూరెడు మూరెడు కోసి
మొదలుకొక ముక్క చుట్టినం.
ఒక చెట్టుకు దండం పెట్టే చేతులు,
ఒక చెట్టుకు ఒట్టి మీసం,
ఇంకోదానికి "మీ" అన్న ఒక్క అక్షరం,
దాని తర్వాత ఏం లేదు.
ఈదమ్మ నవ్వింది:
ఇన్నేండ్లకు ఒక్కపాలన్న కావలి కాస్తున్నరు!

సుతిలి బిగించబోతే బయ్యన్న చెయ్యి పట్టిండు.
"ఏదు ఒక్క రాత్రి కొరుకుతది,
నీ తాడు ఏడాదంత కొరుకుతది.
పసిపిల్లకు మొలతాడు కట్టినట్టు కట్టు,
వేలు దూరాలె."

మూడింట్ల ఒకదానికి ఇంక పానం ఉందనిపించింది.
దాని కొమ్మలే పెన్సిలంత పుల్లలు కోసి
గాయం అవతల ఒక కొన, ఇవతల ఒక కొన
బెరడుల దోపి మైనం పూసిన.
నాలుగు పుల్లలు. రెండు ఎండినయి.
రెండు పట్టుకున్నయి.
ఆ రెండు పుల్లల మీద నడిచి
అన్నం వేరుకు దిగుతున్నది.

దాని పాదుల దొరికింది ఏదుముల్లు,
జానెడు, నలుపు తెలుపు నలుపు.
ఈదమ్మ దాంతోని ఒకసారి పాపిట తీసుకొని చూసి,
ఫ్లెక్సీ అంచులు కలిపి
పిన్నీసు లెక్క గుచ్చింది.

ఆ రాత్రి మంచె మీద నిద్ర పట్టలే.
ఎండుటాకుల్ల గలగల,
ముండ్లకు ముండ్లు తాకే చప్పుడు.
టార్చి వెయ్యలే. వెన్నెల ఉంది.
ఎండకాలం, అడవిల గడ్డలన్ని ఎండిపోయి ఉంటయి.
మీసం కాడ ఆగింది.
వాసన చూసింది.
పోయింది.

మొన్న వాన వెలిసినంక పోతే
ముల్లు ఊడి కింద పడ్డది.
ఎవరూ పీకలే.
లోపల మొదలు లావెక్కింది.

ఇయాల మళ్ళ ఇప్పి కట్టాలె,
ఇంకో వేలు వదులుగ.