రెండు చుక్కల అక్షరం

అలెగ్జాండ్రియా చేపల రేవు వెనక
రాత్రి బడి.
నబవియ్యా చేతిలో కొత్త పలక,
గోళ్ళల్లో ఇంకా పొలుసులు.

బోర్డు మీద 'ఖాఫ్' రాశాను:
గుండ్రటి తల, నెత్తిన రెండు చుక్కలు.
కొండనాలుక దగ్గర పలకాలి, అన్నాను.

"కాఫీకి ఆ అక్షరమెందుకు?
యాభై ఏళ్ళుగా 'అహ్వా' అనే తాగుతున్నా,
చక్కెరేం తగ్గలేదే!"

గుండెని 'ఖల్బ్' అనమంటే
తడబడి 'కల్బ్' అంది.
గుండె కాస్తా కుక్కయి కూర్చుంది.
బడంతా గొల్లుమంది,
అందరికన్నా ముందు తనే.

"నమాజులో పలుకుతావుగా?"
"అది దేవుడి ముందు, ఇన్షిరాహ్.
ఆయన అక్షరంతో చేపలమ్మితే
ఎవరు కొంటారు?"

నా పుస్తకంలో
ప్రభుత్వ ముద్ర ఉంది,
దీనికి జవాబు లేదు.

గురువారం రేవుకెళ్ళాను.
మంచుపెట్టె మీద అట్టముక్క,
బొగ్గుతో 'ఖారూస్', కిలో ధర.
చుక్కలు రెండూ చేపకళ్ళంత.
పక్కనే నిలబడి ఆమె కేక:
"ఆరూస్! ఆరూస్! తెల్లారగట్ల వలలో పడ్డ ఆరూస్!"

కిలోన్నర తూయమన్నాను.
పేరు పెట్టి మరీ బేరమాడాను.
ఇంటికొచ్చి చేప కడుగుతుంటే
గుర్తొచ్చింది:
ఒక్కసారి కూడా
నా నోట ఆ అక్షరం రాలేదు.