బదులు

పొద్దున ఆరున్నర. రాయదుర్గంలో ఆరో అంతస్తు.
కిటికీ బయట ఆగస్టు వాన, ఆర్పడం మరిచిన క్రేన్ల ఎర్ర దీపాలు.
లోపల నా తెరమీద
ఎవరిదో ఊళ్లో ఇంకా నిన్నటి రాత్రే నడుస్తోంది.

బంతి విసిరిన ప్రతిసారీ ఆపి, వెనక్కి తిప్పి
గడులు నింపడం నా ఉద్యోగం.
ఎన్ని సెకన్లు, ఎన్ని గజాలు,
ఎటు చూశాడు, ఎటు విసిరాడు.
నిర్ణయానికి సున్నా నుంచి నాలుగు.
క్వార్టర్‌బ్యాక్ అని మొదటిసారి విన్నప్పుడు నవ్వాగలేదు.
మా బోరబండలో క్వార్టర్ వెనక్కిచ్చినవాణ్ని
ఎవరూ చూళ్లేదు.

ఇవాళ్టివాడు పద్నాలుగో నంబరు. కొత్తవాడు.
అసలువాడు టోపీ పెట్టుకుని
గీత బయట ఎవరితోనో నవ్వుతున్నాడు.
లెక్కలోకి రాని మ్యాచి, ఆఖరి పావు,
జనం లేచిపోయిన కుర్చీలు వాడికేసి చూస్తున్నాయి.

మొదటి బంతి: చూపు ఒకడిమీదే, మేకు కొట్టినట్టు.
అటే విసిరాడు. అవతలివాడు ముందే చదివేశాడు.
నేలపాలు. ఒకటి వేశాను.
రెండోది: మీదపడే ఇద్దర్ని చూడగానే
పాదాలు కాలిన పెనం మీది నీటిబొట్లు.
విసరనే లేదు. మన్ను కరిచాడు.
సున్నా వేయబోతుంటే వెనకనుంచి వజాహత్ భాయ్:
"పాదాలు సూడమ్మా, చెయ్యి అబద్ధమాడుతది."

ఆయన ఒకప్పుడు వికెట్ కీపరు. బదులు కీపరు.
మూడు సీజన్లు ప్యాడ్లు కట్టుకుని
జింఖానా మైదానంలో నీళ్లసీసాలు మోశాడు.
అసలు కీపరు వేలు ఒక్కసారీ విరగలేదు.
ఇది చెప్పినప్పుడల్లా కొంచెం సిగ్గుపడతాడు,
విరగాలని కోరుకున్నాడేమో.

బెంచి సంగతి నాకూ తెలుసు.
పాత కంపెనీలో నూట పన్నెండు రోజులు
ప్రాజెక్టు లేకుండా
కార్డు గీకి, కూర్చుని, కార్డు గీకి.
కుర్చీ మెత్తగానే ఉండేది.

మూడోది. పదకొండు గజాలు కావాలి.
వెనక్కి ఐదడుగులు వేశాడో లేదో
వాణ్ని కాచే మనుషుల గోడ ఎడమవైపు కూలింది.
ఈసారి పాదాలు కంగారుపడలేదు.
రద్దీ బస్సులో దిగేవాడికి దారిచ్చినట్టు
ఒక చిన్న అడుగు, ముందుకి.
చూపు మొదటివాణ్ని వదిలి, రెండోవాణ్ని వదిలి,
రెండు పాయింట్ ఏడు సెకన్లకి
ఇంకా ఎవరూ లేని చోటికి విసిరాడు.
ఆ చోటికి మనిషొచ్చాడు.
రెండు చేతులకీ తగిలి జారిపోయింది.

ఫలితం గడిలో: విఫలం.
ఎవరి వైఫల్యమని గడి అడగదు.
పదకొండుసార్లు తిప్పి చూశాను.
నిర్ణయం: నాలుగు.
"ఎక్కువేసినవ్" అన్నాడు భాయ్. దిద్దలేదు మాత్రం.

ఆ తర్వాతి బంతిని తిన్నగా
అవతలి జట్టువాడి ఒళ్లో పెట్టాడు.
చెప్పాను కదా, కొత్తవాడు.

ఈల మోగాక జరిగేదేదీ మాకు అక్కర్లేదు, కత్తిరించాలి.
అయినా నాలుగు సెకన్లు ఉంచి చూశాను.
పక్కన ఎవరూ కూర్చోని బల్లమీద
హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని
ఇందాకటి దారిని గాల్లో వేలితో గీస్తున్నాడు.
తప్పిన చోట వేలు ఆగింది.
మళ్లీ మొదట్నుంచి గీశాడు.
దీనికి గడి లేదు.
చివర్లో ఒక చిన్న పెట్టె ఉంటుంది, నలభై అక్షరాలు పడతాయి.
ఇంకొన్ని బంతులిచ్చి చూడాలి అని రాసి
చెరిపి, మళ్లీ అదే రాశాను.

ఎనిమిదింటికి క్యాబు. జంగయ్యన్నకి జ్వరమట.
మీసం ఇంకా ఆలోచనలోనే ఉన్న కుర్రాడొచ్చాడు బదులు.
"మొదటి డ్యూటీ మేడం," అడక్కుండానే.
బదులంటే మనకి రెండు కదా:
ఒకరి చోట్లోకి రావడం,
అడిగినదానికి జవాబివ్వడం.

బయోడైవర్సిటీ కూడలి దగ్గర
మోకాటి నీళ్లల్లోంచి ఓ ఆటో అడ్డంగా దూరింది.
వాడి చెయ్యి హారన్ మీదికి పోలేదు.
ఎడమ అద్దం. కుడి అద్దం.
నేను సీట్లో ముందుకి వంగి
వాడి పాదాలు చూస్తున్నాను.