నికర తూకం

నా ఉద్యోగం తీసివేత.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేసి
మిగిలింది చీటీ మీద కొట్టివ్వటం.
ఇరవై రెండేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డు పక్కన
ఇదే కిటికీ, ఇదే ఘాటు.
తుమ్ము రాని రోజున
ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాను.

రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చింది రమీజా.
బీకాం. పొన్నూరు రోడ్డులో ఇల్లు.
చెవిలో ఒకటి, బల్ల మీద ఒకటి
తెల్లటి చిక్కుడు గింజల్లా ఇయర్‌బడ్లు.
మూడో రాత్రి బల్ల మీది గింజని నావైపు జరిపింది.
"వినండి బాబాయ్.
మొదటి రెండు నిమిషాలూ విసుగ్గా ఉంటుంది, ఆపకండి.
మూడో నిమిషంలో తలుపు తీస్తాడు."

ఎవడు తీస్తాడో, ఏం తలుపో.
తెలీని భాషలో ఎవరిదో బొంగురు గొంతు,
దాని కింద డప్పులాంటిది, డప్పు కాదు,
ఖాళీ డ్రమ్ము మీద గోళ్ళతో గీస్తున్నట్టు.
సరిగ్గా అప్పుడే వినుకొండ లారీ హారన్ కొట్టింది.

ఎలా ఉందని అడగలేదు ఆ పిల్ల.
నా మొహంలోకి చూసింది,
బస్తాలెక్కించి నిలబడ్డ రైతు
కాటా అంకెల వంక చూసినట్టు.

తర్వాత నా ఫోన్లో ఓ ఆట ఎక్కించింది.
అందులో ఎవర్నీ చంపక్కర్లేదు.
ఒక ముసలాయన ఉత్తరాలు పంచుతూ కొండెక్కుతాడు, అంతే.
వానొస్తే ఎవరింటి అరుగు మీదో కూర్చోవాలి,
ఆగేదాకా నిజంగానే కూర్చోవాలి.
"ఇందులో గెలుపెక్కడమ్మా?" అన్నాను.
"అరుగు మీద" అంది.

ఇంకో రోజు కళ్ళజోడు పెట్టుకున్న బర్రె బొమ్మ పంపింది,
కింద 'సోమవారం' అని రాసుంది.
ఎందుకు నవ్వాలో అడిగితే విప్పి చెప్పింది.
విప్పి చెప్పిన జోకు చల్లారిన పునుగు.
మర్యాదకి ఒకటి తిన్నాను.
వారం పోయాక, తూకంలో తేడా వచ్చిందని
కమీషన్ కొట్టు గుమాస్తా కిటికీలోంచి గోల పెడుతుంటే
ఆ కళ్ళజోడులోంచి బర్రె చూసింది.
నేను నవ్వాను.
ఆయన ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ఇన్నేళ్ళలో నేనెవరికేం చెప్పాను?
ఫలానా బండి దగ్గర ఇడ్లీ, ఫలానా డాక్టరు చెయ్యి మంచిది,
ఆ కంపెనీ మందు కొట్టొద్దు, తామర పురుగు చావదు.
అన్నీ పనికొచ్చేవే.
ఊరికే బాగుందని
ఒక్కటీ ఎవరి చేతిలోనూ పెట్టలేదు.
వాళ్ళు వద్దంటే,
ఆ వద్దన్నది పాటని కాదేమో అని భయం.

ఈ నెల నుంచి ఆమెని ఏటుకూరు రోడ్డు కాటాకి మార్చారు.
బల్ల మీద గింజ లేదు.

రాత్రి రెండింటప్పుడు, లారీలు లేక,
ఫోను తోస్తూ తోస్తూ ఉంటే దొరికాడు
చిలకలూరిపేట వైపు కుర్రాడొకడు.
పెళ్ళి బ్యాండులో క్లారినెట్.
పెళ్ళి అయిపోయింది, జనం వెళ్ళిపోయారు,
ఎర్రకోటు గుండీలు విప్పేసి
షామియానా కింద తన కోసం వాయించుకుంటున్నాడు.
చూసినవాళ్ళు నలభై ఒక్కరు.
నేను నలభై రెండు.

ఒక వేలితో టైపు చేశాను:
"నాలుగో నిమిషంలో ఎవరో కుర్చీలు మడుస్తారు.
ఆ చప్పుడు దగ్గర ఆపకమ్మా."
చదివి, చెరిపి, మళ్ళీ రాసి,
'అమ్మా' తీసేసి, మళ్ళీ పెట్టి
పంపాను.

రెండు టిక్కులు. రెండూ బూడిద రంగు.
ఓ నర్సరావుపేట బండి వచ్చింది, తూచాను.
ఏదో అంకె తప్పు కొట్టి మళ్ళీ కొట్టాను.
పాట వినకముందు మనిషినీ విన్నాక మనిషినీ తూస్తే
ఎంత తేడా వస్తుందో
చెప్పే కాటా ఎక్కడుందో తెలీదు.
ఉన్నా, దానికి సర్కారు ముద్ర ఎవడేస్తాడు?

నాలుగున్నరకి నీలం.
"సగం విన్నా బాబాయ్. లారీ వచ్చింది.
కుర్చీల దాకా రాలేదింకా. ఇంటికెళ్ళి వింటా."

తెల్లారింది. టీ వాడొచ్చాడు.
అతని గ్లాసులు కడిగే చప్పుడు
కాసేపు విన్నాను.
చీటీ ఇంకా కొట్టలేదు.