గ్లాసున్నర

పుదుపేటలో మా షెడ్డు వెడల్పు తొమ్మిదడుగులు.
వెనక ఎగ్మూరు రైళ్ళ చప్పుడు,
ముందర పొట్ట విప్పుకుని పడుకున్న బండి.
"ఎంత సీసీ?" అని అడుగుతారు వచ్చినవాళ్ళంతా,
పిల్లాడికి మార్కులెన్ని అన్నట్టు.

నూట అరవై ఐదు.
అంటే మూల కొట్లో అబూబక్కర్ భాయ్ పోసే టీ
గ్లాసున్నర.
అంత చోట్లోనే గాలీ, పెట్రోలూ, నిప్పూ,
నిమిషానికి పదివేల చుట్లు.

తేన్మొళికి సీసీ అంటే వేరు.
కీళ్పాక్ లాబులో పొద్దున ఆరింటి నుంచీ
పరగడుపున చాచిన చేతుల్లోంచి
రెండు సీసీ, ఐదు సీసీ,
దూది అదిమి పట్టుకోండి, తర్వాత ఎవరు?
శనివారం మధ్యాహ్నం తోలు సూటు సంచిలో కుక్కి
శ్రీపెరుంబుదూరు బస్సెక్కుతుంది.

పోయినేడు తప్పు నాది.
సిలిండరు అరిగిందని అర మిల్లీమీటరు బోరు పెంచాను.
ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను కూడా,
అబద్ధమెందుకు.
ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద రెండో స్థానం వచ్చింది.
కప్పు చేతికివ్వకముందే హెడ్డు విప్పించారు.
కళ్ళజోడాయన వెర్నియర్ పెట్టాడు,
లెక్క కట్టాడు, మళ్ళీ కట్టాడు,
తల అడ్డంగా ఊపాడు.
నూట అరవై ఏడు పాయింట్ రెండు.
తేన్మొళి ఏడవలేదు.
"రెండు సీసీలణ్ణా," అంది నా వంక చూసి,
"షుగర్ టెస్టుకి తీసేంత."

ఆ రెంటివల్లే గెలిచిందా? కాదు.
నాకు తెలుసు, తనకి తెలుసు.
కానీ కొలబద్దకి మలుపులు కనబడవు.

ఇవాళ ప్రాక్టీసులో పెద్ద బళ్ళనీ కలిపి వదిలారు.
ఉన్న మాట చెప్పాలి:
తిన్నని దారిలో పెద్ద ఇంజనుకి ఎదురు లేదు.
మా గ్లాసున్నర ఆఖరి గేరులో గొంతు చించుకుంటుంటే
నాలుగు గ్లాసులది తీరిగ్గా గేరు మార్చి
వెళ్ళొస్తానన్నట్టు పక్కనించి పోయింది.

పోయి మాత్రం ఎక్కడికి, ముందు మలుపుంది కదా.
తెచ్చుకున్న వేగమంతా అక్కడ దింపుకోవాలి,
బరువుకి బ్రేకులు ముందే మూలగాలి.
తేన్మొళి ఇంకో ముప్పై గజాలు బ్రేకు ముట్టుకోలేదు.
సూది గుచ్చే ముందు రోగితో
ఊరేది, ఏం తిన్నావని కబుర్లాడుతుందట,
చేతికి తన కంగారు తెలియకుండా.
ఇక్కడ ఎవరితో మాట్లాడుతుందో మరి,
మోకాలు తారు మీద గీసుకుంటూ
లోపలి అంచున దూరి ముందుకొచ్చేసింది.

మళ్ళీ తిన్నని దారి. మళ్ళీ అది దాటింది.
ఆరు రౌండ్లూ ఇదే తగువు.
చివరికి పెద్దదే ముందు,
నా స్టాప్‌వాచీలో నాలుగు సెకన్ల తేడా.
ఆ బండి కుర్రాడు హెల్మెట్ తీసి
ఇటే నడిచొచ్చాడు, చెమటలు కక్కుతూ.
"అక్కా, నిజం చెప్పు, ఎంత సీసీ?"

రాత్రి షెడ్డులో తలుపు దించి
తను తెచ్చిన సిరంజితో నూనె పోసి కొలిచాం.
యాభై. యాభై. యాభై.
పద్నాలుగున్నర.
అక్కడికి నిండింది.
"ఇంకో అర సీసీ ఖాళీ ఉంది," అన్నాను,
పాత రోగం ఎక్కడికి పోతుంది.

తేన్మొళి సిరంజి తుడిచి సంచిలో వేసుకుంది.
"ఉండనీ అణ్ణా.
పొద్దున ఆరింటికి డ్యూటీ."